పర్మిట్ రెన్యువల్‌లో ఉండగా అకౌంట్ ఫ్రీజ్ చేశారు, ఏం చేయాలి?

ప్రశ్న: విదేశంలో ఉద్యోగం చేస్తున్నాను. రెసిడెన్స్ పర్మిట్ గడువు ముగిసింది. గడువులోపే రెన్యువల్‌కు అప్లై చేశాను, రసీదు కూడా ఉంది. కానీ కొత్త కార్డు చూపించేదాకా అకౌంట్ తెరిచేది లేదంటోంది బ్యాంకు. బ్రాంచికి వెళ్తే ఫోన్ చేయమంటారు, ఫోన్ చేస్తే బ్రాంచికి వెళ్లమంటారు. వారంలో అద్దె కట్టాలి. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఇంటి ఓనరుకు ఈరోజే విషయం చెప్పండి. ఆఫీసులో కూడా చెప్పి, ఈ నెల జీతం వేరే విధంగా ఇవ్వగలరేమో అడగండి. ఇక బ్యాంకు సంగతి.

మీ కార్డు గడువు తేదీ వాళ్ల సిస్టమ్‌లో ఉంటుంది. ఆ తేదీ దాటితే చాలాచోట్ల అకౌంట్ దానంతటదే ఆగిపోతుంది. కౌంటర్‌లో ఉన్నావిడకు దాన్ని తీసే అధికారం సాధారణంగా ఉండదు, కాబట్టి ఆవిడతో వాదించి లాభం లేదు. కేవైసీ పత్రాలు చూసే విభాగం ఏదో, దాని చిరునామా ఏమిటో మాత్రం అడిగి రాసుకోండి. ఆ విభాగానికి ఒక పేజీ ఉత్తరం రాయండి. పాత కార్డు రెండు వైపులా, రసీదు, పాస్‌పోర్టు ఫోటో పేజీ జత చేయండి. నిర్ణయం వచ్చేదాకా పాత పర్మిట్ చెల్లుతుందని అక్కడి చట్టంలో ఉంటే, ఇమ్మిగ్రేషన్ ఆఫీసు నుంచి ఆ మాట కాగితం మీద తీసుకుని అదీ పెట్టండి. ఇంకా ఏ పత్రం కావాలో, ఏ తేదీలోపు కావాలో రాతపూర్వకంగా చెప్పమని అడగండి. నోటిమాటగా చెప్పింది రేపు ఎవరికీ గుర్తుండదు.

ఇంకొకటి, నేను రెండు నెలలు ఇబ్బంది పడ్డాక తెలిసింది. పాస్‌పోర్టు ఫోటో పేజీ అడుగున రెండు లైన్లు ఉంటాయి, ఒక్కోదానిలో 44 గుర్తులు. పై లైనులో దేశం కోడ్ తర్వాత ఇంటిపేరు, రెండు బాణం గుర్తులు, తర్వాత అసలు పేరు. మా బ్యాంకు వాళ్లు నా పేరంతా కలిపి ఒకే గడిలో ఎక్కించారు. కొత్త కార్డులో ఇంటిపేరు విడిగా ఉంది. కంప్యూటర్‌కు ఇద్దరు మనుషుల్లా కనిపించాం. మీ రసీదు మీద పేరు అక్షరం అక్షరం సరిచూసుకోండి.

మరో జవాబు: మీరుండేది యూరోపియన్ యూనియన్ దేశమైతే, 2014లో వచ్చిన 92వ డైరెక్టివ్ (యూనియన్ దేశాలన్నీ పాటించాల్సిన ఆదేశం) ప్రకారం చట్టబద్ధంగా నివసించేవాళ్లకు బేసిక్ అకౌంట్ (మామూలు చెల్లింపులకు సరిపోయే అకౌంట్) హక్కు ఉంది. పూర్తి అప్లికేషన్ అందాక 10 పనిదినాల్లోపు తెరవాలి, లేదా కుదరదని చెప్పాలి. కుదరదంటే కారణం సాధారణంగా రాసి ఇవ్వాలి. బ్రిటన్‌లో అయితే బ్యాంకుకు ఫిర్యాదు చేశాక 8 వారాలు చూసి బ్యాంకుల మీద ఫిర్యాదులు పరిష్కరించే ఫైనాన్షియల్ ఆంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు, ఫీజు లేదు.

ప్రశ్న అడిగినవారు: ఇప్పుడే చూశానండి. రసీదులో నా ఇంటిపేరు చివర ఒక అక్షరం తక్కువుంది. ముందు అది దిద్దించుకుని ఉత్తరం పంపిస్తాను. ఓనరు పది రోజులు ఆగుతామన్నారు.