డెల్ఫ్ట్ చుట్టుపక్కల తీరిగ్గా సైకిల్ మీద తిరగాలని ఉంది, సలహా ఇవ్వండి

అందరికీ నమస్కారం. మా అమ్మాయి నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో చదువుతోంది. ఏప్రిల్‌లో నేనూ మా ఆవిడా మూడు వారాలు వెళ్తున్నాం. ఇద్దరికీ అరవై దగ్గర పడ్డాయి. రోజుకు 25 కిలోమీటర్లు, మధ్యలో ఏ కాలువ గట్టునో కాఫీ, అంతకు మించి ఆశ లేదు.

అక్కడ సైకిల్ దారుల కూడళ్లకు నంబర్లుంటాయని, అవి వరసగా చీటీ మీద రాసుకుంటే చాలని అమ్మాయి చెప్పింది. నేల చదునే కానీ ఎదురుగాలి మాత్రం కొండ ఎక్కినంత పని చేయిస్తుందట. అదే నా టెన్షన్.

కిండర్‌డైక్‌లో 19 గాలిమరలు చూడాలని ఉంది. డెల్ఫ్ట్ నుంచి తొక్కుకుంటూ వెళ్లి అదే రోజు తిరిగి రావడం మా వయసు వాళ్లకు అయ్యే పనేనా? లేక రోటర్‌డామ్‌లో సైకిళ్లతో సహా వాటర్‌బస్ ఎక్కడం మేలా? తులిప్ పొలాలకైతే లైడెన్ దాకా రైల్లో వెళ్లి, అక్కడ సైకిళ్లు అద్దెకు తీసుకుందామనుకుంటున్నాం.

ఇంకొకటి. చాలా అద్దె సైకిళ్లకు పెడల్ వెనక్కి తొక్కితేనే బ్రేకు పడుతుందట. మా ఆవిడ చివరిసారి సైకిలెక్కింది తెనాలిలో, కాలేజీ రోజుల్లో! చేతి బ్రేకులున్నవి అడిగితే ఇస్తారా? అక్కడ ఉంటున్నవాళ్లు, తిరిగొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.