అత్తగారు, పిల్లలతో మళ్ళీ అరకు: రైలా, కారా?

కూకట్‌పల్లి కోడలు
పెళ్ళైన కొత్తలో మా ఆయనా నేనూ వైజాగ్ నుంచి అరకు మీదుగా వెళ్ళే కిరండూల్ పాసింజర్‌లో అరకు వెళ్ళాం. అప్పటికి అద్దాల పెట్టె రాలేదు, మామూలు పెట్టెలోనే కిటికీ పక్కన కూర్చుని వెళ్ళాం, సొరంగం వచ్చినప్పుడల్లా కాలేజీ పిల్లలు ఒకటే కేకలు. అప్పట్నుంచి ఏ ఊరు తీసుకెళ్ళినా ఈయనది ఒకటే పాట, "బానే ఉంది గానీ అరకు అంత లేదు" అని. ఇన్నాళ్ళకి ఈ డిసెంబర్‌లో ఇంటిల్లిపాదీ వెళ్దాం అంటున్నారు. ఇంటిల్లిపాదీ అంటే అత్తగారు (68 ఏళ్ళు, ఒక మోకాలికి ఆపరేషన్ అయింది, రెండోది కూడా నొప్పే), మామగారు, 9 ఏళ్ళ బాబు, 4 ఏళ్ళ పాప. పాపకి ఘాట్ రోడ్డు అస్సలు పడదు, శ్రీశైలం దారంతా వాంతులే.

ఈయన ప్లాన్ వినండి. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పొద్దున్నే వైజాగ్‌లో దిగి, అదే స్టేషన్‌లో కిరండూల్ ఎక్కాలట. అరకులో దిగి సాయంత్రానికి బొర్రా గుహలు, మర్నాడు తెల్లవారుజామున వంజంగి కొండ మీంచి మేఘాలు, అటునుంచి లంబసింగి, రాత్రికి వైజాగ్. చదువుతుంటేనే నాకు టెన్షన్ వస్తోంది. ఇది అయ్యే పనేనా? అత్తగారు బొర్రాలో దిగగలరా? ఈమధ్య వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఎంవీపీ కాలనీ
వైజాగ్ వాళ్ళం, ఇంటికి చుట్టాలొస్తే అరకు తీసుకెళ్ళడం మాకు డ్యూటీ లాంటిది. ముందు ఆ గోదావరి ఆలోచన మానుకోండి. కిరండూల్ పొద్దున్న ఏడు లోపే కదిలిపోతుంది, గోదావరి గంట లేటైతే మీ ప్రోగ్రాం మొత్తం ప్లాట్‌ఫాం మీదే అయిపోతుంది. ముందు రోజే వైజాగ్ వచ్చేయండి, మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో వందే భారత్ ఎక్కితే రాత్రికి దిగుతారు. స్టేషన్ దగ్గర్లోనే రూం తీసుకుని పడుకోండి.

పైకి మాత్రం రైల్లోనే వెళ్ళండి. పాపకి వాంతుల గొడవ ఉండదు, పెద్దావిడ కాళ్ళు చాపుకోవచ్చు, బాత్రూం ఉంటుంది. 2017లో వేసిన విస్టాడోమ్ పెట్టెలో సీట్లు ఎటు కావాలంటే అటు తిరుగుతాయి, పైకప్పుకి కూడా అద్దాలే. డిసెంబర్ శని ఆదివారాలకి ఆ సీట్లు వెంటనే అయిపోతాయి, ఇప్పుడు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు కాబట్టి ఆ రోజు పొద్దున్నే ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. దొరక్కపోతే బాధపడకండి, మామూలు రిజర్వేషన్ పెట్టెలోంచి కూడా కనపడేది అదే కొండ, అదే లోయ. పైగా కిటికీ తీస్తే గాలి వస్తుంది, అద్దాల పెట్టెలో అది లేదు. అసలు అందమంతా బొడ్డవర స్టేషన్ దాటాక, సొరంగాలు మొదలయ్యాకే. అప్పుడు పిల్లల్ని నిద్రపోనివ్వకండి.

రెండు రాత్రులు అరకులోనే ఉండండి. బొర్రా కోసం అరకు నుంచి ప్రత్యేకంగా వెనక్కి రావద్దు, ఎలాగూ తిరుగు దారిలోనే తగులుతుంది. కారు మాట్లాడుకుని దిగేటప్పుడు గాలికొండ వ్యూ పాయింట్, అనంతగిరి కాఫీ తోటలు, బొర్రా చూసుకుంటూ ఎస్.కోట (శృంగవరపుకోట) మీదుగా వైజాగ్ వచ్చేయొచ్చు. డిసెంబర్ అంటే కాఫీ పళ్ళు ఎర్రగా పండి కోస్తుంటారు, చెట్లకి మిరియాల తీగలు కూడా పాకి ఉంటాయి, బాబుకి చూపించండి. క్రిస్మస్ నుంచి న్యూ ఇయర్ దాకా మాత్రం రావొద్దు, ఘాట్‌లో కార్లు బారులు తీరతాయి, రూం రేట్లు చెప్పక్కర్లేదు.

రిటైర్డ్ మాస్టారు
అమ్మా, బొర్రా గురించి నేను చెబుతాను, నాకూ మోకాళ్ళ నొప్పులే. గుహ ముఖద్వారం చాలా పెద్దది, అక్కడి వరకు కర్ర సాయంతో నెమ్మదిగా వెళ్ళొచ్చు. లోపలికి మెట్లు దిగుతూ వెళ్ళాలి, కొన్నిచోట్ల పైనుంచి నీళ్ళు కారి తడిగా ఉంటుంది. దిగడం కన్నా మళ్ళీ ఎక్కి రావడమే కష్టం. ఆవిడ ద్వారం దగ్గర నిలబడి చూసినా ఆ వైశాల్యం తెలుస్తుంది. లోపలున్న శివలింగం దాకా వెళ్ళాలని పట్టుబడితే మాత్రం వద్దని చెప్పండి, అది ఇంకా మెట్లెక్కి వెళ్ళాల్సిన చోటు. మామగారు తోడు కూర్చుంటే మీరు పిల్లల్ని తీసుకెళ్ళి గంటలో వచ్చేయొచ్చు. గోస్తని నది నీళ్ళు ఎంతో కాలం సున్నపురాయిని కరిగించి గుహ తొలిచాయని, పైనుంచి కారే చుక్కల్లోని సున్నం పేరుకుని అన్ని ఆకారాలు వచ్చాయని బాబుకి అక్కడ నిలబెట్టి చెప్పండి, పుస్తకంలో చదివితే ఎక్కదు. బయట కోతులుంటాయి, పాప చేతిలో చిప్స్ ప్యాకెట్ పెట్టకండి.

బుల్లెట్ బాబు
నేను మీ ఆయన పార్టీ అండి, కానీ వంజంగి మాత్రం ఫ్యామిలీతో కుదరదు. చీకట్లో లేచి పాడేరు వైపు వెళ్ళాలి, బండి వెళ్ళినంత దూరం వెళ్ళి అక్కణ్ణుంచి కొండ ఎక్కాలి. అంతా చేస్తే ఒక్కోసారి మబ్బులే ఉండవు, ఒట్టి పొగమంచే. మీ ఆయనకి అంత మోజుంటే ఒక్కరే జీపు మాట్లాడుకుని వెళ్ళొస్తారు, మీరందరూ దుప్పట్లో పడుకోండి. లంబసింగి చింతపల్లి వైపు, అది వేరే ట్రిప్పు. రెండూ కలిపితే రోజంతా కారులోనే, పాప సంగతి మీరే చెప్పారుగా.

కూకట్‌పల్లి కోడలు
అందరికీ చాలా థాంక్స్. మాస్టారి మెసేజ్ అత్తగారికి చదివి వినిపించాను, "ఆయనెవరో నాలాంటివాడే" అన్నారు. బొర్రా ద్వారం దాకా ఓకే అట. వంజంగికి ఒక్కరే వెళ్ళమంటే ఈయన మొహం చూడాలి మీరు!

ఇంకో డౌట్. మాకు పాత ఫోటోల్లో పసుపు పూల చేలున్నాయి, డిసెంబర్‌లో ఉంటాయా? మామగారు బొంగు చికెన్ గురించి ఇప్పట్నుంచే అడుగుతున్నారు, అత్తగారు నీచు ముట్టరు.

ఎంవీపీ కాలనీ
అవి వలిసె పూలండి. నవంబర్‌లో బాగుంటాయి, డిసెంబర్ మొదటి వారం దాటితే చేలు కోతకొచ్చేస్తాయి. పూలు కావాలంటే నవంబర్ చివరికి జరపండి. చేలో ఫోటో దిగినందుకు రైతులు కొంచెం డబ్బులడుగుతారు, ఇచ్చేయండి, మనం తొక్కేది వాళ్ళ పంటే కదా.

బొంగు చికెన్ రోడ్డు పక్కనే కాలుస్తారు. ముందే చేసి పెట్టింది కొనొద్దు, మీ ముందు బొంగులో కూరి నిప్పుల మీద పెట్టించుకోండి, టైం పడుతుంది కానీ అదే రుచి. అత్తగారికి భోజనం హోటళ్ళలో దొరుకుతుంది. రాత్రి చలి పది డిగ్రీల కిందకి దిగుతుంది, ఆవిడకి సాక్సులు, మంకీ టోపీ మర్చిపోవద్దు. సిగ్నల్ చాలాచోట్ల రాదు, ఫోన్‌పేని నమ్ముకోకుండా చిల్లర నోట్లు ఉంచుకోండి. చాపరాయి వాగు దగ్గర బండ మీద నాచు ఉంటుంది, పిల్లల చెయ్యి వదలకండి.

కారులో దిగేటప్పుడు పాప మరీ ఇబ్బంది పడుతుందేమో అనిపిస్తే తిరుగు రైలు కూడా ఉంది. కానీ శీతాకాలం తొందరగా చీకటి పడిపోతుంది, సగం దారి ఏమీ కనపడదు, బొర్రా కూడా పోతుంది. నేనైతే డాక్టర్ని అడిగి మందు వేసి, పాపని ఘాట్ దారిలో వచ్చే టైడా దాకా నిద్రపుచ్చి కారులోనే దింపుతాను.