సూపర్ మార్కెట్ పార్కింగ్‌లో ట్రాలీ గుద్ది డోర్‌కి సొట్ట – క్లెయిమ్ పెట్టాలా, షాపు వాళ్లని అడగాలా?

మియాపూర్ మనిషి:

అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం జరిగింది, ఇంకా మింగుడు పడటం లేదు. నెల సరుకులకని అమ్మ, పిల్లలు, మేమిద్దరం కలిసి ఇంటి దగ్గరున్న పెద్ద సూపర్ మార్కెట్‌కి వెళ్లాం (పేరెందుకులెండి). సెల్లార్ నిండిపోయిందని సెక్యూరిటీ అతను పక్కనున్న ఓపెన్ స్థలంలో పెట్టించాడు. వాన నీళ్లు పోవడానికేమో ఆ స్థలం కాస్త వాలుగా ఉంటుంది. గంటంపావు తర్వాత బయటికొచ్చి చూస్తే ఎడమవైపు వెనక డోర్‌కి ఆనుకుని ఓ ఖాళీ ట్రాలీ, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది. దాన్ని పక్కకి లాగితే డోర్ మధ్యలో జానెడు తెల్ల గీత, దాని కింద అరచేయంత సొట్ట.

కారు బాలెనో, గ్రే రంగు, కొని 8 నెలలు. ఈఎంఐలు ఇంకా 52 ఉన్నాయి. మా ఆవిడేమో "ఎప్పుడో ఒకప్పుడు పడేదేగా, పదండి, పెరుగు పులిసిపోతుంది" అంటుంది. నాకు మాత్రం రాత్రి నిద్ర పట్టలేదు, నవ్వకండి.

సెక్యూరిటీని అడిగితే "నేను గేటు దగ్గరున్నా సార్, చూళ్లేదు" అన్నాడు. మేనేజర్ బయటికి వచ్చి, గోడ మీద బోర్డు చూపించాడు, వాహనాలు యజమానుల సొంత బాధ్యతపై నిలుపవలెను అని. సీసీ కెమెరా చూపించమంటే హెడ్ ఆఫీస్ పర్మిషన్ కావాలట. పార్కింగ్‌కి డబ్బులు తీసుకోలేదు, అది నిజమే, కానీ లోపల 4,860 బిల్లు కట్టి వచ్చాను కదా.

కంపెనీ సర్వీస్ సెంటర్‌లో డెంటింగ్, పెయింటింగ్ కలిపి 6,200 అన్నారు. బయట టింకరింగ్ షాపులో 2,800. నా కారు ఇన్సూరెన్స్ జీరో డెప్ పాలసీ. క్లెయిమ్ పెట్టేస్తే పోలా అని మా తమ్ముడి సలహా. షాపు వాళ్ల మీద ఏమైనా చేయొచ్చా? పోలీస్ కంప్లైంట్ ఇవ్వాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాత మారుతి:

ముందు ఆ పెయింటింగ్ మాట పక్కన పెట్టు తమ్ముడూ. ట్రాలీ ముందు మూలలకి ప్లాస్టిక్ తొడుగులుంటాయి, అవి రుద్దుకుంటే ప్లాస్టిక్కే మన పెయింట్ మీద అంటుకుంటుంది, చూడ్డానికి అచ్చం లోతైన గీతలా తెల్లగా ఉంటుంది. కొంచెం రబ్బింగ్ కాంపౌండ్ మెత్తటి గుడ్డ మీద వేసి ఓ మూల రుద్ది చూడు. పోతే అది గీత కాదు. పోకపోతే గోరు అడ్డంగా లాగు. గోరు తట్టుకోకపోతే పైన క్లియర్ కోట్ (రంగు మీద ఉండే పారదర్శక పూత) వరకే తగిలింది, పాలిష్‌తో చాలావరకు పోతుంది. గోరు ఆగిందంటే రంగు దాకా వెళ్లినట్టు. లోపల ఇనుము మెరుస్తూ కనిపిస్తే మాత్రం వానాకాలం వచ్చేలోపు ఏదో ఒకటి చెయ్యి, కనీసం టచప్ పెన్ అయినా పూయి, లేకపోతే తుప్పు మొదలవుతుంది. పెన్ కొనేటప్పుడు బండి మీద ప్లేట్‌లో ఉండే కలర్ కోడ్ చూసి కొను. గ్రే అని చెప్తే వాడు ఏదో ఒక గ్రే ఇస్తాడు.

సొట్టకి పీడీఆర్ అని ఉంటుంది, పెయింట్ వేయకుండా సొట్ట తీయడం. డోర్ లోపలి ప్యాడ్ విప్పి సన్నటి రాడ్లతో వెనక నుంచి కొంచెం కొంచెంగా నొక్కుతారు, లేదంటే బయట గ్లూతో చిన్న బిళ్ల అంటించి లాగుతారు. ఒక పొడవాటి లైట్ పెట్టుకుని దాని ప్రతిబింబం డోర్ మీద వంకర లేకుండా వచ్చేదాకా కూర్చుంటాడు, గంటన్నర చూస్తూ ఉండిపోయాను నేనైతే. పెయింట్ పగలకూడదు, సొట్ట మరీ అంచు మీదో, డోర్ మీద ఉండే మడత గీత మీదో ఉండకూడదు, అప్పుడే బాగా వస్తుంది.

ఎందుకింత చెప్తున్నానంటే ఫ్యాక్టరీ పెయింట్ ఒక్కసారి పోతే మళ్లీ రాదు. అక్కడ ఖాళీ బాడీని 140 డిగ్రీల దగ్గర కాల్చి గట్టిపరుస్తారు. మన దగ్గర వైర్లు, ప్లాస్టిక్ అన్నీ బిగించి ఉంటాయి కాబట్టి మంచి పెయింట్ బూత్‌లో కూడా 60 దాటించరు. పైగా నీది మెటాలిక్ గ్రే. ఒక్క డోర్‌కి వేస్తే ఎండలో పక్క డోర్‌తో తేడా కొడుతుంది, అది కలవాలని పక్క ప్యానెల్ మీదకి కూడా కాస్త పలచగా కొట్టుకుంటూ పోతారు. రేపు అమ్మేటప్పుడు మందం కొలిచే మీటర్ పెట్టి "యాక్సిడెంట్ బండా సార్" అని మొదలుపెడతారు. 8 నెలల బండికి పుట్టీ పెట్టించొద్దు.

లెక్కల మాస్టారు:

క్లెయిమ్ సంగతి నేను చెప్తా. మీ తమ్ముడు ఫ్రీ అనుకుంటున్నాడు, ఫ్రీ కాదు. జీరో డెప్ అంటే పార్టుల అరుగుదల కొయ్యరు, అంతే. తప్పనిసరి మినహాయింపు, అంటే ప్రతి క్లెయిమ్‌లో మన జేబు నుంచి పెట్టుకోవాల్సిన వాటా, ఎలాగూ మీదే. 1500 సీసీ లోపు కార్లకి 1,000 రూపాయలు, ఆపైన 2,000. మీది 1200 సీసీ కాబట్టి 1,000. అంటే 6,200లో కంపెనీ ఇచ్చేది మహా అయితే 5,200.

ఇక నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ), అంటే క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. మొదటి ఏడాది క్లెయిమ్ లేకపోతే 20 శాతం, తర్వాత 25, 35, 45, చివరికి 50 దగ్గర ఆగుతుంది. ఇది మొత్తం ప్రీమియం మీద కాదు, ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టం) భాగం మీదే. థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టం) భాగం కొత్త కార్లకి 3 ఏళ్లది ఒకేసారి కట్టేసి ఉంటారు, దానికీ దీనికీ సంబంధం లేదు. లెక్క తేలిక కోసం ఓన్ డ్యామేజ్ ప్రీమియం ఏటా 10,000 అనుకుందాం. క్లెయిమ్ పెట్టకపోతే ఐదు రెన్యువల్స్‌లో తగ్గేది 2,000, 2,500, 3,500, 4,500, 5,000. మొత్తం 17,500. ఇప్పుడు పెడితే వచ్చే ఏడాది సున్నా, మళ్లీ మొదటి నుంచి ఎక్కాలి, అంటే 0, 2,000, 2,500, 3,500, 4,500. మొత్తం 12,500. తేడా 5,000.

చూశారా, వాళ్లిచ్చేది 5,200, మీరు పోగొట్టుకునేది 5,000. కారు విలువ ఏటా తగ్గుతుంది కాబట్టి ప్రీమియం కూడా తగ్గి ఆ 5,000 కాస్త తక్కువే కావచ్చు, అయినా సర్వీస్ సెంటర్ చుట్టూ తిరిగినందుకు కూలీ కూడా గిట్టదు. అదే బయట 2,800తో చేయిస్తే క్లెయిమ్ ఊసే అక్కర్లేదు. చాలా జీరో డెప్ పాలసీల్లో ఏడాదికి రెండే క్లెయిములు, అందులో ఒకటి ఈ సొట్టకి వాడేస్తారా? క్లెయిమ్ పెట్టినా ఆ బోనస్ పోకుండా కాపాడే ఎన్‌సీబీ ప్రొటెక్ట్ అని యాడ్ ఆన్ తీసుకుని ఉంటే మాత్రం లెక్క వేరు, పాలసీ కాగితం ఒకసారి తీసి చూడండి. క్లెయిమ్ పెట్టాలనుకుంటే వెంటనే చెప్పాలి, వాళ్లు చూడకముందు రిపేరు చేయించకూడదు.

నా సొంత రూల్: ప్యానెల్ మార్చే దాకా రాకపోతే క్లెయిమ్ వద్దు.

రెండో గేర్:

అన్నా నేనైతే ఎంత ఎండైనా సరే ఎంట్రన్స్‌కి దూరంగా, గోడ వారగా పెడతా. వాలుకి కింది వైపు అసలు పెట్టను. మా ఇంట్లో రోజూ తిట్లే. బండికి గీత పడలేదు, సంసారంలో పడ్డాయి.

కోర్టు మెట్లు:

ఆ బోర్డు చూసి భయపడాల్సిన పని లేదు, అలాగని దాన్ని చూసి ఎగరాల్సిన పనీ లేదు. 2019 నవంబర్‌లో సుప్రీంకోర్టు తాజ్ మహల్ హోటల్ కేసులో ఏం చెప్పిందంటే, తాళం చెవి తీసుకుని హోటల్ వాళ్లే బండి పార్కింగ్ చేశాక (వాలే పార్కింగ్ అంటారు), "యజమాని బాధ్యత" అని చీటీ మీద అచ్చు వేసినంత మాత్రాన హోటల్ తన నిర్లక్ష్యం నుంచి తప్పించుకోలేదని. అది 1998లో ఢిల్లీలో పోయిన మారుతి జెన్ సంగతి, ఇరవై ఏళ్లు నడిచింది. కానీ అక్కడ కిటుకంతా తాళం చెవిలోనే ఉంది. ఇచ్చారు కాబట్టి బండిని వాళ్లకి అప్పగించినట్టు లెక్క. మీ తాళం మీ జేబులోనే ఉంది. కాబట్టి ఆ తీర్పు పట్టుకుని నేరుగా వాదించలేరు.

మీకున్న దారి వేరే. వాలు స్థలంలో వాళ్లే బండ్లు పెట్టించారు, వాళ్లే ట్రాలీలు అక్కడిదాకా వదిలారు, తిరిగి చేర్చే ఏర్పాటు చూసుకోలేదు. అది నిర్లక్ష్యం. బిల్లు కట్టారు కాబట్టి మీరు వినియోగదారు, పార్కింగ్ కూడా ఆ సేవలో భాగమే అని వాదించొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. దానికంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, చాలాసార్లు అక్కడే కదులుతారు. 2,800 కోసం కమిషన్ దాకా వెళ్లమని మాత్రం నేను చెప్పను, నా క్లయింట్ అయినా చెప్పను.

పోలీసుల సంగతి అడిగారు. ఎవరో కావాలని గుద్దితే వేరు, ట్రాలీ జారితే అది నేరం కిందికి రాదు, స్టేషన్‌లో టీ కూడా ఇవ్వరు.

అర్జంటుగా చేయాల్సింది ఒకటుంది. ఫుటేజ్. ఎక్కువమంది వచ్చే దుకాణాలు కెమెరాలు పెట్టి 30 రోజుల రికార్డు ఉంచాలని 2013 పబ్లిక్ సేఫ్టీ చట్టం ఉంది మన దగ్గర. ఆ తర్వాత దాని మీదే కొత్తది ఎక్కుతుంది. కాబట్టి ఈరోజే మేనేజర్‌కి కాగితం రాసివ్వండి: తేదీ, టైము, బండి నంబరు, బిల్లు నంబరు, "ఆ రెండు గంటల ఫుటేజ్ చెరపకుండా ఉంచండి" అని. రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. వేయనంటే అదే మెయిల్ పెట్టండి. నోటిమాటతో అడిగినవాడికి హెడ్ ఆఫీస్ పర్మిషన్ ఎప్పటికీ రాదు.

నాలుగు చక్రాలు:

ఇన్నాళ్లూ చదవడమే, రాయలేదు. ఈ పోస్టు చూసి ఆగలేకపోయా. డిగ్రీ చదివేటప్పుడు రెండేళ్లు ఇలాంటి షాపులోనే ట్రాలీలు తోశాను. ఆదివారం సాయంత్రం బయట ముగ్గురం ఉండాలి, ఒక్కడినే ఉండేవాణ్ణి, మిగతా ఇద్దరినీ లోపల బిల్లింగ్ దగ్గర కవర్లు పట్టుకోమనేవాళ్లు. ఇరవై ట్రాలీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి తోసుకొచ్చేలోపు బయట ఇంకో ముప్పై తేలేవి. సామాను డిక్కీలో వేసుకున్నాక ట్రాలీని ఎక్కడుంటే అక్కడ వదిలేసి పోతారు. కొంతమంది ముందు చక్రాలు ఎత్తి డివైడర్ మీద పెడతారు, వాళ్లకో దండం. మిగతావి వాలులో అలా నిలబడి ఉంటాయి, ఒక చక్రానికి ఏదో దారం చుట్టుకుని ఆగి ఉంటుంది, గాలికో, పక్క బండి డోర్ తగిలో ఆ కాస్త పట్టు వదిలితే ఇక పోతూనే ఉంటుంది.

ఒకసారి ఇలాగే ఓ సార్ కారుకి తగిలితే మేనేజర్ ఆయన ముందు నన్ను తిట్టి, సారీ చెప్పించి, ఆయన వెళ్లాక 1,500 నా జీతంలో కోశాడు. అప్పుడు నా జీతం 9,000. ఆ సార్ షాపు వాళ్లు ఇచ్చారనే అనుకుని ఉంటారు.

అడగొద్దని కాదు. అడగండి, మీ తప్పేం లేదు. కానీ స్టోర్ మేనేజర్‌తో ఆగకుండా కంపెనీ కస్టమర్ కేర్‌కి రాయండి, "సిబ్బంది ఎవరి జీతంలోంచీ ఇది కోయకండి" అని ఒక లైను కలపండి. ఆ ఒక్క లైను ఉంటే వాళ్లు కోయడానికి జంకుతారు.

ఫ్రిస్కో తెలుగోడు:

ఇక్కడ టెక్సాస్‌లోనూ ఇదే గోల, గాలి వీస్తే ట్రాలీలు వాటంతటవే షికారు వెళ్తాయి. ప్రతి స్టోర్‌లోనూ మాది బాధ్యత కాదు అనే బోర్డే. ఇన్సూరెన్స్‌లో కొలిజన్ (గుద్దుకున్న నష్టం) కింద పెట్టుకోవచ్చు కానీ నా డిడక్టిబుల్, అంటే నేను పెట్టుకోవాల్సిన వాటా, 500 డాలర్లు, సొట్టకి 300 అన్నారు, నోరు మూసుకుని కట్టుకున్నా. ఆల్డీ అనే సూపర్ మార్కెట్‌లో మాత్రం పావలా డాలర్ నాణెం దూర్చితేనే ట్రాలీ గొలుసు ఊడుతుంది, తిరిగి పెడితేనే నాణెం వెనక్కొస్తుంది. లక్ష డాలర్ల జీతం తీసుకునేవాడు కూడా ఆ పావలా కోసం పరిగెత్తుకుంటూ తెచ్చి పెడతాడు. మా నాన్న వచ్చినప్పుడు ఇది చూసి "దీన్ని మన ఊరికి తీసుకెళ్లాలిరా" అన్నారు.

మియాపూర్ మనిషి:

అందరికీ థాంక్స్. ఏమైందో చెప్తా, పదకొండు రోజులైంది.

పాత మారుతి అన్నా, మీరన్నది నిజం, ఆ తెల్ల గీత ముప్పాతిక వంతు ప్లాస్టిక్కే. రుద్దితే పోయింది. మిగిలిన చోట గోరు ఆగలేదు. సొట్ట పీడీఆర్‌కి ఇచ్చాను, కొండాపూర్ వైపు ఒకతను ఇంటికే వచ్చి గంటలో తీశాడు, 2,000. నాకు తెలుసు కాబట్టి పక్క నుంచి వంగి చూస్తే చిన్న అల కనిపిస్తుంది, ఇంకెవరికీ కనిపించదు. క్లెయిమ్ పెట్టలేదు.

షాపుకి కాగితం ఇచ్చాను, స్టాంపు వేయలేదు, మెయిల్ పెట్టాక మూడో రోజు పిలిచి ఫుటేజ్ చూపించారు. కెమెరా గేటు వైపుకి తిప్పి ఉంది, మా బండి మూల నుంచి సగమే కనపడుతోంది. 6 గంటల 42 నిమిషాలకి ట్రాలీ ఒక్కటే, పక్కన మనిషి లేకుండా, ఫ్రేములోకి మెల్లగా నడుచుకుంటూ వచ్చి తగిలింది. ఎవరు వదిలారో లేదు. మేనేజర్, నేను రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాం, ఆఖరికి ఇద్దరికీ నవ్వొచ్చింది. డబ్బులు ఇవ్వమన్నారు, అంటే ఇవ్వము అన్నారు. 1,000 రూపాయల కూపన్ ఇస్తామన్నారు, తీసుకున్నా. జీతాల గురించి ఆ లైను రాశాను తమ్ముడూ, మేనేజర్ దాన్ని చదివి ఏం మాట్లాడలేదు. నిన్న వెళ్తే ఆ వాలు దగ్గర ఇనప పైపు ఒకటి అడ్డం పాతుతున్నారు, నా మెయిల్ వల్లో కాదో తెలీదు.

పీడీఆర్ అతను వెళ్తూ వెళ్తూ "ముందు బంపర్ కుడివైపు గీత కూడా ట్రాలీయేనా సార్, అది కూడా చూసేస్తా" అన్నాడు. అది మా ఇంటి గేటు. దాని గురించి ఇక్కడ పోస్టు వేయలేదు.