పిండి మర మోటారు పవర్ ఫ్యాక్టర్ (పీఎఫ్) టాంగ్ టెస్టర్‌తో తెలుస్తుందా?

ప్రశ్న:
తెనాలి దగ్గర మాకు పిండి మర ఉందండి. 10 హెచ్‌పీ, త్రీఫేజు మోటారు. మిరపకాయలు ఆడేటప్పుడు టాంగ్ టెస్టర్ (వైరు చుట్టూ పట్టిస్తే ఆంపియర్లు చూపే మీటరు) పెట్టి చూస్తే ఫేజుకి 11 ఆంపియర్లు, ఫేజుల మధ్య 415 వోల్టులు చూపిస్తోంది. పీఎఫ్ పెరగడానికి కెపాసిటర్ పెట్టమంటున్నారు గానీ, ఎంతది పెట్టాలో తలా ఒక మాట చెబుతున్నారు. పీఎఫ్ మీటరు కొనకుండా లెక్క తేల్చుకోవచ్చా?

జవాబు:
తేల్చుకోవచ్చండి. కొన్ని కొత్త కరెంటు మీటర్లలో బటన్ నొక్కుతూ పోతే పీఎఫ్ కూడా వస్తుంది, ముందు అది చూడండి. రాకపోతే నేను మిల్లుల్లో చేసే పద్ధతి చెబుతాను. టాంగ్ టెస్టర్‌లో వాట్లు తెలియవు, అవి మీటరు నుంచి తీసుకోవాలి. యూనిట్‌కి ఎన్ని పల్సులో (ఎర్ర లైటు మెరుపులో) నేమ్‌ప్లేటు మీద ఉంటుంది. లైట్లు, ఫ్యాన్లు ఆపేసి, మర నిండు లోడు మీద ఉండగా ఎర్ర లైటు మెరుపుల్ని ఫోన్‌లో వీడియో తీయండి. అదే సమయంలో ఇంకొకరు ఆంపియర్లు చూడాలి. లోడు మారితే రెండు లెక్కలూ కలవవు.

400 పల్సుల మీటరు 45 సెకన్లలో 30 సార్లు మెరిసిందనుకోండి: 3600 × 30 ÷ (400 × 45) = 6 కిలోవాట్లు. అటు 1.732 (త్రీఫేజుకి వాడే √3) × 415 × 11 అంటే 7.9 కేవీఏ, అంటే వోల్టులు, ఆంపియర్ల లెక్కన లాగే మొత్తం పవరు. ఆ మొత్తంలో కిలోవాట్ల వంతే పీఎఫ్: 6 ÷ 7.9 = 0.76.

మరొకరు:
ఖాళీగా తిరిగేటప్పుడు మాత్రం కొలవకండి, పీఎఫ్ బాగా కిందికి పడిపోయి కనిపిస్తుంది. ఐటీఐలో పిల్లలకి రెండు వాట్‌మీటర్లతో ఇదే చూపిస్తాను. పీఎఫ్ 0.5 దగ్గర ఒకదాని ముల్లు సున్నాకి వస్తుంది, ఇంకా తగ్గితే వెనక్కి తిరుగుతుంది. అప్పుడు కాయిల్ కనెక్షన్ మార్చి, ఆ రీడింగుని రెండోదానిలోంచి తీసెయ్యాలి.

అడిగినవారు:
మాకూ 0.76 దగ్గరే వచ్చిందండి. 3 కేవీఏఆర్ (కెపాసిటర్ సైజు చెప్పే కొలత) కెపాసిటర్ మోటారు దగ్గరే పెట్టించాం. మోటారు వైర్ల మీద ఇంకా 11 ఆంపియర్లే ఉంది. కెపాసిటర్ పాడైందా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
పాడవ్వలేదండి, టెస్టర్ పెట్టే చోటు మార్చాలి. మోటారుకి కావలసిన కరెంటు అలాగే ఉంటుంది, అందులో కొంత ఇప్పుడు కెపాసిటర్ ఇస్తోంది. తగ్గేది కెపాసిటర్ కలిసిన చోటుకి పైన, మీటరు వైపు వైర్లలో. అక్కడ 9 దగ్గర రావాలి. వస్తే మీ పీఎఫ్ 0.94. కెపాసిటర్ మూత తీసే పనుంటే స్విచ్ ఆపగానే చెయ్యి పెట్టకండి, దాని చార్జి పూర్తిగా దిగిందని వోల్టులు చూసుకున్నాకే ముట్టుకోండి.