జైలుకి వచ్చే ఉత్తరాలు, పుస్తకాలు ఆపే అధికారం ఎంతవరకు ఉండాలి?

సీలేరు సత్తిబాబు:
హక్కుల కార్యకర్త గౌతమ్ నవలఖా ముంబై దగ్గరి తలోజా జైల్లో ఉన్నప్పుడు ఇంటివాళ్లు పంపిన ఇంగ్లీషు రచయిత వుడ్‌హౌస్ హాస్య పుస్తకాన్ని భద్రతకు ముప్పు అని ఆపేశారు. 2022 ఏప్రిల్‌లో బాంబే హైకోర్టు జడ్జీలు ఇదేం కామెడీ అన్నట్టు మాట్లాడారు. మనమూ పేపర్లో చదివి నవ్వుకుని వదిలేశాం. నా మాట ఏమిటంటే, ఆ అధికారమే తీసేయాలి. విప్పి చూసుకోండి, కావాలంటే చదువుకోండి. ఆపడానికి మీరెవరు?

పాత వార్డరు:
సత్తిబాబు గారూ, మీరు జైలు గేటు దగ్గర ఒక్క షిఫ్టు చేసి రాయండి. పుస్తకం అట్టలో సిమ్ కార్డు పెడతారు, బైండింగులో గంజాయి పెడతారు. సాక్షిని బెదిరించే ఉత్తరం కూడా “అత్తయ్యకు నమస్కారాలు” అనే మొదలవుతుంది. ఏదైనా జరిగితే సస్పెండయ్యేది మేమే, మీరు కాదు. అనుమానం వస్తే ఆపేస్తే టెన్షన్ ఉండదు. అమెరికాలోనే కాగితాన్ని డ్రగ్స్‌లో నానబెట్టి పంపుతున్నారట.

ఫిలడెల్ఫియా వంశీ:
నిజమే, ఆ గొడవ మా రాష్ట్రంలోనే. డ్రగ్స్ పేరు చెప్పి 2018 నుంచి పెన్సిల్వేనియా జైళ్లలో ఇంటి ఉత్తరాలన్నీ ఫ్లోరిడాలోని ఒక ప్రైవేటు కంపెనీకి పోతాయి. వాళ్లు స్కాన్ చేస్తారు. ఖైదీకి అందేది కాపీ మాత్రమే. కూతురు క్రేయాన్‌తో బొమ్మ వేసి పంపినా అంతే. భద్రత అనే మాటకి ఒకసారి తల ఊపితే అది ఎక్కడ ఆగుతుందో చూసుకోండి.

ప్లీడరు పద్మజ:
సత్తిబాబు గారి “అసలు ఆపొద్దు” కోర్టులో నిలబడదు. వార్డరు గారి “అనుమానం వస్తే ఆపేస్తాం” కూడా నిలబడదు. దీని మీద మన రాజమండ్రి ఆయన, జస్టిస్ కోకా సుబ్బారావు 1965లోనే తీర్పు రాశారు. విచారణ లేకుండానే నిర్బంధించే వీలిచ్చిన డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్స్ కింద బొంబాయిలో నిర్బంధించిన ప్రభాకర్ సంజ్‌గిరి జైల్లో కూర్చుని అణువు గురించి మరాఠీలో సైన్స్ పుస్తకం రాశాడు. అచ్చు వేయించడానికి రాతప్రతిని భార్యకి పంపుతానంటే ప్రభుత్వం కుదరదంది. నిర్బంధంలో ఉన్నవాడికి మేం ఉత్తర్వులో ఇచ్చిన సౌకర్యాలే ఉంటాయి, పుస్తకం పంపడం అందులో లేదు అని వాదించింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆ ఉత్తర్వులో ఉన్నవి ప్రభుత్వం దయతో ఇచ్చిన సౌకర్యాలు కావు, స్వేచ్ఛకు పెట్టిన హద్దులు. హద్దు ఎక్కడ పెట్టలేదో అక్కడ అతని స్వేచ్ఛ అతనిదే అంది. నాకు ఈ వాదనలో ముఖ్యమైంది ఇదే: ఎందుకు ఆపారో ఆపినవాళ్లు చూపించాలి, ఎందుకు కావాలో ఖైదీ చెప్పనక్కర్లేదు. 1981లో ఫ్రాన్సిస్ కొరాలీ ముల్లిన్ కేసులో సుప్రీంకోర్టు చదవడం, రాయడం కూడా జీవించే హక్కులో భాగమేనంది.

పాత వార్డరు:
మేడమ్, ఆయన అణువు గురించి రాశాడు. అందరూ అలాంటివి రాయరు కదా.

కరీంనగర్ యాదగిరి:
మా బామ్మర్ది వేరే రాష్ట్రంలో రిమాండ్‌లో ఉన్నడు. మా అత్తమ్మ తెలుగులో రాసిన ఉత్తరం ఇవ్వలేదు. అక్కడ తెలుగు చదివేటోళ్లు లేరట, అందుకే పక్కన పెట్టినమన్నరు. ఎప్పుడిస్తరో చెప్పలే, ఆపినమని కాగితమూ ఇయ్యలే. ఇందులో ముప్పేమున్నది?

పాత వార్డరు:
చదవకుండా లోపలికి పంపలేరు తమ్ముడూ. ఫోన్ ములాఖత్ ఉంటుంది కదా, అందులో మాట్లాడించు.

కరీంనగర్ యాదగిరి:
ఫోన్ల అత్తమ్మకు ఏడుపు తప్ప మాట రాదన్నా. రాస్తే మూడు పేజీలు రాస్తది.

సీలేరు సత్తిబాబు:
ఇదీ సంగతి. నిజామాబాద్ జైల్లో దాశరథి బొగ్గు ముక్కతో గోడ మీద పద్యాలు రాశాడని చిన్నప్పటి నుంచి గొప్పగా చెప్పుకుంటాం. తల్లి ఉత్తరం ఆపితే మాత్రం రూల్స్ అంటాం.

పాత వార్డరు:
లోపల ఉన్నవాళ్లంతా దాశరథులు కాదు సార్. చిట్టీ రాసి మనిషిని చంపించినవాళ్లూ ఉన్నారు.

ప్లీడరు పద్మజ:
ఉన్నారు. కాబట్టే చదవొద్దని నేను అనడం లేదు. ఆపితే కారణం రాసి, సంతకం పెట్టి ఖైదీకి ఇవ్వండి అంటున్నాను. 1974లో అమెరికా సుప్రీంకోర్టు ఇదే పద్ధతి పెట్టింది. ఉత్తరం ఆపిన సంగతి చెప్పాలి, అభ్యంతరం చెప్పుకునే వీలివ్వాలి, దాన్ని మొదట ఆపిన మనిషి కాకుండా వేరే అధికారి చూడాలి.

ఫిలడెల్ఫియా వంశీ:
అదే కోర్టు 1989లో బయటి నుంచి వచ్చే వాటిని ఆపడానికి జైళ్లకు చాలా వెసులుబాటు ఇచ్చేసింది మేడమ్. కాగితం మీద పద్ధతి ఉన్నా, “భద్రత” అని ఒక్క ముక్క రాస్తే సరిపోతోంది.

ప్లీడరు పద్మజ:
ఆ ఒక్క ముక్క రాసి ఉంటేనే కదా కోర్టులో చూపించగలం. నోటితో చెప్పిన “కుదరదు”ని ఎక్కడ చూపిస్తాం?

పాత వార్డరు:
రాసివ్వమంటే ఇస్తారు. సంతకం మాత్రం సూపరింటెండెంట్ గారే పెట్టాలి, గేటు దగ్గరి వాడి పేరు లాగొద్దు.

ప్లీడరు పద్మజ:
దానికి నేను ఒప్పుకుంటాను. యాదగిరి గారూ, ఉత్తరం ఇంకో కాపీ రాయించి, దాని పక్కన ఇంగ్లీషు అనువాదం పెట్టి సూపరింటెండెంట్ పేరుకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, రసీదు దాచండి. జవాబు రాకపోతే రిమాండ్ ఇచ్చిన కోర్టులోనే పిటిషన్ వేయొచ్చు. కస్టడీలో ఉన్నవాళ్లకి న్యాయ సేవాధికార సంస్థ లాయరుని ఉచితంగా ఇస్తుంది, అక్కడి జిల్లా కోర్టులో అడగండి.