అప్‌డేట్: బొర్రా గుహల సర్వేలో ప్రశ్నలు మార్చాక ఏమైందంటే

ముందు సంగతి తెలియనివాళ్లకి: బొర్రా గుహలకి జనం అసలు ఎందుకు వస్తారన్నది నా పీహెచ్‌డీ టాపిక్. ఫారమ్ ఇస్తే అందరూ ఐదుకి ఐదు వేసేసి 'ప్రకృతి అందాల కోసం' అని రాసేస్తున్నారు, ఏం చెయ్యాలి అని అడిగాను.

మీరు చెప్పినట్టే 'ఎందుకు వచ్చారు' అన్నది పక్కన పెట్టి, ఈ ట్రిప్ ఎవరు మొదలుపెట్టారు, ఇంట్లో ఉంటే ఈ టైమ్‌కి ఏం చేస్తుండేవారు అని మాటల్లో అడిగాను. తేడా మామూలుగా లేదు! బయట బొంగులో చికెన్ కోసం కూర్చున్న విజయనగరం ఆవిడ, ఫారమ్‌లో గుహలకి ఐదు వేసినావిడే, 'వారం మొత్తంలో పొయ్యి దగ్గరికి వెళ్లని పూట ఇదొక్కటేనమ్మా' అన్నారు. పక్కనే వాళ్ల అత్తగారు, 'నేను లోపలికే వెళ్లలేదు, అన్ని మెట్లు దిగి ఎక్కలేను, అందరం ఒకచోట ఉన్నాం, అది చాలు' అన్నారు.

1977లో పర్యాటక పరిశోధకుడు డాన్ చెప్పిన నెట్టే కారణాలు (మనిషిని ఇంటి నుంచి బయటికి పంపేవి), లాగే కారణాలు (ఆ చోటు రప్పించేవి) అన్న విభజన నాకు అక్కడ కళ్లకు కట్టింది. 1979లో మరో పరిశోధకుడు క్రాంప్టన్ చెప్పిన తొమ్మిది ప్రేరణల్లో ఏడు మనిషి లోపలివే, రోజువారీ బతుకు నుంచి కాస్త తప్పుకోవడం, చుట్టరికాలు గట్టిపడటం లాంటివి. చోటుని బట్టి వచ్చేవి కొత్తదనం, తెలుసుకోవడం, అంతే. మార్కుల ఫారమ్‌లో ఈ లోపలివి దాదాపు కనపడవు.

నా పీహెచ్‌డీ గైడ్ గారు ఒప్పుకున్నారు, రెండు పద్ధతులూ ఉంచమన్నారు. టెన్షన్ చాలా తగ్గింది, అందరికీ థ్యాంక్స్. ఇంకొక్కటి: కుటుంబంలో నలుగురూ నాలుగు కారణాలు చెబితే కోడింగ్ (అంటే జవాబుల్ని కారణాల వారీగా విడదీయడం) విడివిడిగా చెయ్యాలా, కుటుంబానికి ఒకటిగానా? చేసినవాళ్లుంటే చెప్పండి.