‘ఎంపోరియం’ అంటే దుకాణమేనా?

ప్రశ్న: ఏథెన్సు వాళ్ల రేవు పట్నం పిరేయస్ గురించి తెలుగులో రాసేటప్పుడు ‘ఎంపోరియోన్’ను ఏమనాలి? చీరల ఎంపోరియం అంటున్నాం కదా, ‘దుకాణం’ సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ, అర్థం తలకిందులవుతుంది. ఈ గ్రీకు మాటకు మూలం ‘ఎంపోరోస్’. హోమర్ కావ్యం ఒడిస్సీలో ఎంపోరోస్ అంటే పరాయి ఓడెక్కి వెళ్లే ప్రయాణికుడు. తర్వాత ఓడలో సరుకు వేసుకుని రేవు రేవూ తిరిగే టోకు వర్తకుడికి ఆ పేరు స్థిరపడింది. ఓడ సొంతదారు నౌక్లేరోస్. ఊళ్లో చిల్లరగా అమ్మేవాడు కాపెలోస్. చీరలమ్మే కొట్టువాడు గ్రీకు లెక్కన కాపెలోసే!

పిరేయస్‌లో మూడు రేవులు. జెయా, మునిఖియా యుద్ధనౌకలవి. అన్నిటికన్నా పెద్దదైన కాంథరోస్ తూర్పు ఒడ్డున, హద్దులు పాతి విడదీసిన వర్తక భాగమే ఎంపోరియోన్. ‘ఎంపోరియోన్‌కూ దారికీ హద్దు’ అని చెక్కిన క్రీ.పూ. 5వ శతాబ్దపు రాయి కూడా దొరికింది. సరుకు దిగినా ఎక్కినా 50కి 1 సుంకం. దాని వసూలుకు ఏటా పాట పెట్టేవారు, అచ్చం మన సంత ఆశీలు పాటలాగే. క్రీ.పూ. 400 ప్రాంతంలో ఒక ఏడు పాట 36 టాలెంట్లకు (టాలెంటు అంటే వెండి తూకంతో లెక్కించే పెద్ద మొత్తం) పోయింది. పాడుకున్నవాడికి అసలు రావాలన్నా 1,800 టాలెంట్ల సరుకు కదలాలి. వచ్చిన ధాన్యంలో మూడింట రెండు వంతులు ఏథెన్సుకు తోలించడానికి 10 మంది అధికారులుండేవారు. ఇదంతా ‘దుకాణం’లో ఇముడుతుందా?

ఇంకొకరు: ‘రేవు’ అనీ అనకండి, దానికి గ్రీకులో ‘లిమేన్’ వేరే ఉంది. ‘పట్నం’ అంటే ఊరంతా వస్తుంది. పిరేయస్ వరకు ‘రేవుపేట’ బాగుంటుంది. వర్తకులుండే భాగాన్ని పేట అనడం మనకు అలవాటే.

మొదటి జవాబు ఇచ్చినవారు: ‘రేవుపేట’ చక్కగా కుదిరింది. సుంకం సంగతికి మోటుపల్లి శాసనం కూడా జోడించండి. 1244లో గణపతిదేవుడు అక్కడ ఎగుమతి దిగుమతులపై పెట్టింది 30కి 1.

ఇంకొకరు: ఒక జాగ్రత్త. ప్రాచీన గ్రీకు భూగోళవేత్త టాలెమీ కృష్ణా తీరపు ఊళ్ల జాబితాలో ‘కొంటకొస్సుల ఎంపోరియోన్’ అంటాడు. శాసనాల్లోని కంటకసెల, నేటి ఘంటసాల అదేనంటారు. అక్కడ ఆ మాట ఊరికంతటికీ హోదా. కాబట్టి అక్కడ రేవుపేట అనకుండా ‘వర్తక పట్నం’ అనే రాయాలి.